చోడి గింజలో ఇనుము లెక్కకు కాపలా కాసేవాళ్లు

మా విజయనగరం వ్యవసాయ పరిశోధనా స్థానం పేరు దేశమంతా వినిపించిన సందర్భాల్లో పెద్దది 2020 అక్టోబరు 16న వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 75వ వార్షికోత్సవం సందర్భంగా ఎనిమిది పంటలకు చెందిన 17 పోషక రకాలను ప్రధానమంత్రి ఆ రోజు జాతికి అంకితం చేశారు. వాటిలో సీఎఫ్‌ఎంవీ 1 అనే చోడి (రాగి) రకం ఉంది. ఇంద్రావతి అని పేరు పెట్టిన ఈ రకాన్ని మా స్థానమూ చిరుధాన్యాల అఖిల భారత సమన్వయ పరిశోధన పథకమూ కలిసి తీర్చిదిద్దాయి. వంద గ్రాముల గింజల్లో 428 మిల్లీగ్రాముల కాల్షియం, కిలో గింజల్లో 58 మిల్లీగ్రాముల ఇనుము, 44 మిల్లీగ్రాముల జింకు ఉన్నాయని దాని గురించి ప్రకటించారు. పోలికకు తీసుకున్న వాడుక రకాల్లో ఇవే వరుసగా 200, 25, 16. దాదాపు అదే కాలంలో వచ్చిన మరో రకం వీఆర్ 929. దీన్ని వేగవతి అంటారు. దీని గింజల్లో కిలోకు 131.8 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నట్లు నమోదైంది.

ఈ అంకెలు పత్రికల్లో వచ్చాయి, సభల్లో వినిపించాయి, కరపత్రాల్లోకి ఎక్కాయి. అంకెల వెనుక ఉన్న పనిని గురించి మాత్రం రాసినవాళ్లు దాదాపు లేరు. పొలంలో కోసిన నమూనాలను ఆరబెట్టి, శుభ్రం చేసి, పొట్లాలు కట్టి, చీటీలు రాసి, విశ్లేషణకు పంపే గదిలో పనిచేసే మనిషిగా ఆ పని ఎంత సూక్ష్మమైనదో, అది ఎవరి చేతుల మీదుగా జరుగుతుందో రాయవలసిన బాధ్యత నాకుందని చాలా కాలంగా అనుకుంటున్నాను.

ముందు ఒక చిన్న లెక్క చెప్పాలి. మన ఉత్తరాంధ్ర మెట్ట భూముల్లో ఎక్కువ భాగం ఎర్రనేలలు. వాటికి ఆ ఎరుపు ఇచ్చేది ఇనుమే. బరువులో మూడు శాతం ఇనుము ఉన్న మట్టిని ఉదాహరణగా తీసుకుందాం. అటువంటి మట్టి ఒక్క గ్రాము కిలో చోడి గింజల్లో కలిస్తే 30 మిల్లీగ్రాముల ఇనుము అదనంగా చేరుతుంది. అంటే 25 మిల్లీగ్రాములు మాత్రమే ఉండే సాధారణ రకం, కంటికి ఆనని ధూళి అంటుకున్నందువల్ల, విశ్లేషణ యంత్రంలో 55 చూపుతుంది. పోషకాలు ఎక్కువగా ఉన్న కొత్త రకం దొరికిందని ఒక శాస్త్రవేత్త సంబరపడి, ఆ మొక్కను తల్లిగానో తండ్రిగానో వాడి ఏళ్ల తరబడి సంకరాలు చేసి, చివరికి తాను వెంబడించింది కళ్లంలోని దుమ్మునని తెలుసుకునే ప్రమాదం ఇందులో ఉంది. కాల్షియం విషయంలో ఇంత భయం ఉండదు. గింజలో అది ఎలాగూ ఎక్కువగా ఉంటుంది కాబట్టి కొంచెం మట్టి కలిసినా పెద్ద తేడా రాదు. ఇనుము సంగతి వేరు. ధూళికి దానంత తేలికగా మోసపోయే కొలత మరొకటి మా గదిలో లేదు.

అందుకే ఇనుము చూడవలసిన నమూనాలకు ప్రపంచమంతటా కొన్ని నియమాలు పాటిస్తారు. గింజలుండే వెన్ను నేలకు తగలకూడదు. కోసే చేతులు శుభ్రంగా ఉండాలి. తుప్పు పట్టిన కొడవలి, ఇనుప జల్లెడ, రేకు డబ్బా దగ్గరికి రాకూడదు. గుడ్డ సంచిలోనో కాగితపు సంచిలోనో ఆరబెట్టాలి. కర్రతో, చేత్తో, శుభ్రమైన గుడ్డ మధ్య నలిపి గింజ రాల్చాలి. చోడి గింజ చుట్టూ పలచని పొర ఒకటి వదులుగా ఉంటుంది. ధూళి దాని మడతల్లోనే దాక్కుంటుంది కాబట్టి ఆ పొర పూర్తిగా ఊడేదాకా నలిపి, ఊది, మళ్లీ నలపాలి. ఇంత చేసిన తరువాత కూడా ప్రయోగశాలవాళ్లు ఇనుముతోపాటు అల్యూమినియాన్ని కూడా కొలుస్తారు. మట్టిలో అల్యూమినియం పుష్కలంగా ఉంటుంది, శుభ్రమైన గింజలో అతి తక్కువగా ఉంటుంది. నమూనాలో అది ఎక్కువగా కనిపించిందంటే గింజకు మట్టి అంటిందని అర్థం. అప్పుడు ఆ నమూనాలో ఇనుము ఎంత ఉన్నా ఆ అంకెకు విలువ ఉండదు. ఈ ఏర్పాటు గురించి మొదట చదివినప్పుడు నాకు కలిగిన గౌరవం ఇప్పటికీ తగ్గలేదు. కొలిచేవాడు తన కొలతనే అనుమానించి, ఆ అనుమానాన్ని తీర్చడానికి మరొక కొలతను కాపలా పెట్టుకోవడం విజ్ఞానశాస్త్రంలోని గొప్ప మర్యాదల్లో ఒకటని నా అభిప్రాయం.

ఈ నియమాలన్నీ కాగితం మీద ఆంగ్లంలో ఉంటాయి. మడిలో వాటిని పాటించేది చుట్టుపక్కల ఊళ్ల నుంచి పొద్దున్నే నడిచి, ఆటోలెక్కి వచ్చే ఆడవాళ్లు. వారిలో ఎక్కువమంది చిన్నప్పటినుంచీ తమ సొంత చేలలోనూ కౌలు చేలలోనూ చోడి నాటినవాళ్లు, కోసినవాళ్లు, కళ్లంలో కుప్ప నూర్చి చేటలతో తూర్పారబట్టినవాళ్లు. ఇంట్లో పాటించే పద్ధతికీ ఇక్కడ పాటించవలసిన పద్ధతికీ చాలా చోట్ల చుక్కెదురు. ఇంట్లో పేడతో అలికిన కళ్లం పవిత్రమైనది, అందులో రాశి పోయడం శుభం. ఇక్కడ ఆ కళ్లమే శత్రువు. ఇంట్లో ఒక చేనులో పండినదంతా ఒకే రాశి. ఇక్కడ పక్కపక్కనే ఉన్న రెండు మడుల గింజలు ఒక్కటి కలిసినా తప్పే. ఈ తేడాను వారికి ఎవరో ఒక రోజు పాఠంలా చెప్పి వెళ్లిపోతే పని జరగదు. ఎందుకు చేయాలో తెలిసి, నమ్మి, ఎండలో నడుము వంచి ఉన్నప్పుడు కూడా దానికి కట్టుబడితేనే జరుగుతుంది.

గుంపుకు పెద్ద అయిన ఆమెను మేమందరం అప్పా అని పిలుస్తాం. ఇనుము నమూనాల సంగతి నేను మొదటిసారి వివరించినప్పుడు ఆమె శ్రద్ధగా విని, "అయితే ఏటమ్మా, గాజులు కూడా తీసీమంటారా?" అని అడిగింది. మట్టిగాజులు సరే, లోహపు గాజుల మాటేమిటని నేను అప్పటిదాకా ఆలోచించలేదు. పుస్తకంలోని నియమంలో చేతులు శుభ్రంగా ఉండాలన్న మాటే ఉంది. ఆమె ప్రశ్న తరువాత నమూనాలు నలిపే రోజున లోహపు గాజులూ ఉంగరాలూ పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, శుభ్రమైన గుడ్డతో తుడుచుకుని కూర్చోవడం మా గదిలో ఆనవాయితీ అయింది. ఆ అలవాటు ఒక శ్రామికురాలి ఆలోచన నుంచి పుట్టిందని ఇక్కడ రాయడం నాకు ముఖ్యం.

ఇక రకాన్ని పుట్టించే పని దగ్గరికి వస్తే, చోడి చాలా మొండి పంట. పువ్వు అతి చిన్నది, తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందుతుంది, అదీ తెల్లవారుజామున చీకటిలోనే. వరిలో చేసినట్లు ఒక్కొక్క పువ్వు తెరిచి పుప్పొడి తిత్తులు తీసివేయడం దీనిలో చాలా కష్టం. అందుకని రెండు రకాల వెన్నులను పక్కపక్కన చేర్చి కట్టి, ఒకదాని పుప్పొడి రెండోదానిపై రాలేలా చేసే పద్ధతిని ఎక్కువగా వాడతారు. వేడినీటిలో వెన్నును కొద్ది నిమిషాలు ముంచి పుప్పొడిని నిర్జీవం చేసే పద్ధతి కూడా ఉంది. కట్టిన వెన్నులో వచ్చిన గింజల్లో ఎక్కువ భాగం తల్లి తనంతట తాను కన్నవే. నిజమైన సంకర గింజలు వాటి మధ్య అక్కడక్కడా ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి ఉపాయం ఏమిటంటే, తల్లిగా ఆకుపచ్చని మొక్కను, తండ్రిగా కణుపుల దగ్గర ఊదారంగు ఉన్న మొక్కను ఎంచుకోవడం. నారుమడిలో ఊదా జాడ ఉన్న మొలకలు కనిపిస్తే అవే సంకరాలు, ఎందుకంటే ఆ రంగు తండ్రి నుంచి తప్ప మరెక్కడి నుంచీ రాదు.

ఆ జాడను వెతకడం కూర్చున్న చోట జరిగే పని కాదు. చిన్న మొలకలు, మేఘం పట్టిన ఆషాఢపు వెలుతురు, కణుపు దగ్గర చిటికెడంత రంగు. శాస్త్రవేత్తలూ చూస్తారు, సహాయకులూ చూస్తారు, కానీ నారు పీకడంలో జీవితమంతా గడిపిన కళ్లకు అందినంత తొందరగా ఆ రంగు మిగిలినవారికి అందదు. ఒక్క మొలక దాటిపోతే ఒక సంకరం పోయినట్లే, దాన్ని మళ్లీ చేయడానికి ఒక పంటకాలం కావాలి. ఆ మొలక నుంచి మొదలై తరం తరువాత తరం స్థిరపడే వరకు ఆరేడు తరాలు, ఆపైన స్థానికంగా దిగుబడి పరీక్షలు, ఆపైన వివిధ రాష్ట్రాల కేంద్రాల్లో సమన్వయ పరీక్షలు, చివరికి రైతులకు చిన్న విత్తన సంచులిచ్చి వాళ్ల పొలాల్లో చేయించే ప్రదర్శనలు. పదేళ్లు పైగా పట్టడం మామూలే. ఇంద్రావతి, వేగవతి వంటి పేర్లు ఒక పత్రికా ప్రకటనలో కనిపించేనాటికి వాటిని నారుమడిలో తొలిసారి గుర్తుపట్టిన వాళ్లలో కొందరు పని మాని ఇంట్లో మనవలను చూసుకుంటూ ఉంటారు.

మన ప్రాంతపు చోడికి విజ్ఞానశాస్త్ర చరిత్రలో మరొక గౌరవం కూడా దక్కింది, అది ఇక్కడి చాలామందికి తెలియదు. అరకు లోయలో గిరిజన రైతులు పండించే మెట్టచోడి నుంచి పెద్దాపురం కేంద్రంలో ఎంపిక చేసిన రకం పీఆర్ 202. గోదావరి అన్న పేరుతో 1970ల్లో విడుదలైన ఈ రకాన్ని ఆ తరువాత దశాబ్దాల పాటు అనేక రాష్ట్రాల్లో సాగుచేశారు, పరీక్షల్లో పోలికకు నిలబెట్టారు. 2018లో అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం ఒకటి చోడి జన్యుసంపుటిని, అంటే దాని మొత్తం జన్యు సమాచారాన్ని, చదివి ప్రచురించినప్పుడు అందుకు ఎంచుకున్న మొక్క ఈ పీఆర్ 202. దానికి ముందు ఏడాది బెంగళూరు శాస్త్రవేత్తలు ఎంఎల్ 365 అనే మరో రకం జన్యుసంపుటిని ప్రచురించారు. చోడికి 36 క్రోమోజోములు ఉంటాయి. రెండు వేర్వేరు పూర్వీకుల జన్యుసంపుటులు ఒకే మొక్కలో కలిసి ఉండటం వల్ల ఒకేలా కనిపించే ముక్కలు జంటజంటలుగా ఎదురై, ఏది ఏ పూర్వీకుడిదో విడదీయడం చాలా కష్టమైంది. పీఆర్ 202లో 62 వేలకు పైగా జన్యువులను ఆ బృందం గుర్తించింది. అరకు కొండల మీద ఎవరో అమ్మమ్మలు విత్తనం కోసం మంచి వెన్నులు ఏరి అటకమీద దాచుకుంటూ వచ్చిన ఎంపిక, తరాలు దాటి అక్కడిదాకా చేరిందని తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

పరీక్ష మడుల్లో జరిగే పనిని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే సందర్శకులు సాధారణంగా బోర్డులు చదివి, ఫొటోలు తీసుకుని వెళ్లిపోతారు. ఒక్కో రకాన్ని ఒక్క మడిలో నాటి ఊరుకోరు. ఒకే రకాన్ని మూడు చోట్ల, ఏది ఎక్కడ పడాలో చీటీ తీసినట్లు నిర్ణయించి నాటుతారు. నేల ఒకచోట బలంగా, ఒకచోట నీరసంగా ఉండవచ్చు కనుక ఒక రకానికి మంచి నేల దొరికినందువల్ల గెలిచిందన్న మాట రాకుండా ఈ ఏర్పాటు. కోతకు వచ్చినప్పుడు మడి అంచు వరుసలను విడిగా కోసి పక్కన పెడతారు. అంచు మొక్కకు ఎండా గాలీ ఎక్కువ అందుతాయి, అది లోపలి మొక్క కంటే బాగా పండుతుంది, దాన్ని కలిపితే దిగుబడి లెక్క పెరుగుతుంది. లోపలి వరుసలను కోసి కట్ట కట్టి, ఒక చీటీ కట్ట లోపల, మరొకటి బయట కడతారు. వర్షానికి బయటి చీటీ మీది అక్షరాలు చెరిగినా లోపలి చీటీ సాక్ష్యం చెప్పాలి.

ఒకసారి ఇలా కట్టలు మోసుకొస్తున్నప్పుడు అప్ప ఒక కట్టను పక్కకు తీసి పెట్టింది. లోపలి చీటీ, బయటి చీటీ రెండూ ఒకే అంకె చూపుతున్నాయి, నా పుస్తకంలోనూ అదే ఉంది. ఆమె మాత్రం కట్టలోంచి ఒక వెన్నును లాగి చూపించి, "ఈ ఎన్ను ఆ మడిది కాదమ్మా. ఆ మడిలోవి వేళ్లు ముడుసుకునుంటాయి, ఇది ఇచ్చుకునుంది సూడు" అంది. చోడి వెన్నులో పైకి లేచే కొమ్మలను మేము వేళ్లంటాం. కొన్ని రకాల్లో అవి పిడికిలి బిగించినట్లు లోపలికి ముడుచుకుంటాయి, కొన్నింటిలో విప్పిన చేతిలా తెరుచుకుంటాయి. కట్ట విప్పి చూస్తే పక్క మడి నుంచి వాలిన రెండు మూడు వెన్నులు అందులో కలిసి ఉన్నాయి. వాటిని ఏరి తీశాం. ఏరకపోతే ఆ ఏడాది ఆ రకపు బరువు తప్పు పడేది, ఆ వెన్నుల గింజలు మిగిలినవాటిలో కలిసి మరుసటి ఏడాది కేళీలుగా, అంటే వేరే రకపు మొక్కలుగా, మొలిచేవి. పరిశోధనా వ్యాసాల్లో పరికరాలు, పద్ధతులు అన్న శీర్షిక కింద ఏ యంత్రం ఎక్కడ తయారైందో రాస్తారు. ఈ చూపు గురించి రాయడానికి ఆ శీర్షిక కింద చోటు లేకపోవడం నాకు న్యాయంగా అనిపించదు.

చోడికి పెద్ద శత్రువు అగ్గితెగులు. ఆకు మీద మచ్చగా మొదలై, మెడ దగ్గర పట్టి వెన్నును ఎండబెట్టి, వేళ్ల మీదికి పాకుతుంది. మెడకు పడితే గింజ పాలుపోసుకోకముందే వెన్ను తెల్లబోతుంది. ఉత్తరాంధ్రలో వర్షాకాలపు తేమా కార్తీకపు మంచూ ఈ శిలీంధ్రానికి బాగా కలిసివస్తాయి. అదే మా స్థానానికి తెగులు పరీక్షల్లో ప్రత్యేకత తెచ్చింది. పరీక్ష మడుల చుట్టూ, వరుసల మధ్య తెగులుకు తేలికగా లొంగే రకాన్ని కావాలని నాటి, తెగులు బాగా వ్యాపించనిచ్చి, కొత్త రకాల్లో ఏవి తట్టుకుంటాయో చూస్తారు. పంటను కాపాడటానికే పుట్టిన మనుషులకు తెగులును పెంచి పోషించే ఈ పని మొదట్లో మనసుకు ఎక్కదు. కొత్తగా వచ్చిన అమ్మాయిలు ఆ వరుసలను చూసి బాధపడుతూ మందు కొట్టరా అని అడుగుతారు. పాతవాళ్లు, ఇది చస్తేనే మిగిలినదాని సత్తా తెలుస్తుందని వాళ్లకు నచ్చజెబుతారు.

ఇక తుపాన్లు. కోతలకు ముందు అక్టోబరు నెల మాకు ప్రాణం అరచేతిలో పెట్టుకున్న కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరాన్ని తాకి విజయనగరం జిల్లాను కూడా అల్లకల్లోలం చేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడిని నేలమట్టం చేసింది. గాలికి చోడి పడిపోతే మడుల మధ్య హద్దులు చెరిగిపోతాయి, తడిసిన వెన్నులోనే గింజ మొలకెత్తుతుంది. పరీక్షలో ఒకే రకానికి మూడు మడుల్లో వచ్చిన దిగుబడులు మరీ దూరదూరంగా ఉంటే ఆ కేంద్రపు ఫలితాన్ని జాతీయ సగటులో కలపకుండా పక్కన పెడతారు. అది సరైన నియమమే. అయితే ఆ నియమం వెనుక ఒక ఏడాది శ్రమ మొత్తం ఉంటుంది. అందుకే తుపాను హెచ్చరిక వచ్చిన రోజున పనివేళలు చూసుకోకుండా, కోతకు సిద్ధమైన మడులను ముందుగా కోసి ఎత్తిపెట్టడానికి అందరూ నిలబడతారు. ఆ రోజుల్లో అధికారి, సహాయకుడు, కూలి మనిషి అన్న తేడా మడి గట్టు మీదే ఆగిపోతుంది.

పనిరోజు మధ్యలో చెట్టు కింద జరిగే భోజనాల దగ్గర నేను పుస్తకాల్లో దొరకని సంగతులు చాలా నేర్చుకున్నాను. ఉదయపు విరామంలో చాలామంది తెచ్చుకునేది చోడి అంబలి, పక్కన పచ్చి ఉల్లిపాయ, మిరపకాయ, ఊరగాయ ముక్క. రాత్రి పులియబెట్టి పొద్దున కాచిన అంబలి, మొలకెత్తించి ఆరబెట్టి విసిరిన పిండితో చేసిన అంబలి, రెంటికీ రుచిలో తేడా ఉందని వాళ్లు చెబుతారు. ఈ తేడా రుచితో ఆగదు. చోడి గింజలో ఫైటిక్ ఆమ్లమూ టానిన్లూ ఉంటాయి, అవి ఇనుమును పట్టి ఉంచి ఒంటికి పూర్తిగా అందనివ్వవు. పులియబెట్టినా మొలకెత్తించినా ఆ పట్టు సడలుతుంది. నిమ్మకాయ పిండుకున్నా, ఉసిరి తిన్నా ఇనుము మరింత బాగా ఒంటబడుతుంది, తిన్న వెంటనే టీ తాగితే తగ్గిపోతుంది. కిలోకు 131.8 అన్న అంకె గింజలో ఉన్న ఇనుమును చెబుతుంది, ఒంటికి ఎంత చేరిందో వంటింటి మీద ఆధారపడి ఉంటుంది. ఈ మాట కరపత్రాల్లో పెద్ద అక్షరాలతో వేయాలని నేను కోరుకుంటాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. ఇనుము ఎక్కువగా ఉన్న గింజను నలిపి పొట్లాలు కడుతున్న చేతుల్లో కొన్ని పాలిపోయి కనిపించినప్పుడు ఈ పరిశోధన ఎవరి కోసమన్న ప్రశ్న నా ముందుకు సూటిగా వస్తుంది. అందుకే ఏ రకం ఎలా వండితే మేలన్న సంగతి నేను ముందుగా ఆ చెట్టు కిందే చెబుతాను.

విజయదశమి తరువాత మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి మా స్థానం దాదాపు ఖాళీ అవుతుంది. పొరుగు రాష్ట్రాల శాస్త్రవేత్తలతో కూడిన పర్యవేక్షణ బృందాలు పరీక్షల మడులు చూడటానికి వచ్చేదీ పంట చేను మీదున్న ఈ కాలంలోనే. వాళ్లకు మడులు చూపించేటప్పుడు కలుపు లేకుండా, చీటీలు నిటారుగా, కేళీలు తీసి ఉండాలని ఎవరూ ఆజ్ఞాపించనక్కరలేదు. ఇంటికి చుట్టాలు వచ్చే ముందు వాకిలి అలికినంత పట్టుదలగా అప్ప గుంపువాళ్లే చూసుకుంటారు.

రైతుల సందర్శన రోజులు నాకు అన్నిటికంటే ఇష్టం. గంట్యాడ, బొండపల్లి వైపు మెట్ట రైతులు వస్తారు, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల నుంచి జాతాపు, సవర రైతులు వస్తారు, నైర వ్యవసాయ కళాశాల విద్యార్థులు నోటు పుస్తకాలతో వస్తారు. కొండ రైతుల ప్రశ్నలు చాలా పదునైనవి. ఇంత ఇనుముందంటున్నారు, గడ్డి సంగతేమిటి, పశువు తింటుందా అని ఒకరు అడుగుతారు. పొట్టి రకమైతే కొండవాలులో కలుపును అణచగలదా అని మరొకరు అడుగుతారు. మా స్థానం నుంచి 1998లో వచ్చిన చంపావతి అనే వీఆర్ 708 రకం 80 నుంచి 85 రోజుల్లో కోతకు వస్తుంది. పునాసలో వేసి, అది తీసిన చేలో మరో పంట వేసుకునేవాళ్లకు అది ఇప్పటికీ ఉపయోగమే. ఇంద్రావతికి 110 రోజులు పైగా కావాలి. ఈ తేడాను దాచి కొత్త రకాన్ని మాత్రమే పొగడటం రైతుకు ద్రోహం. ఏ నేలకు, ఏ వానకు, ఏ పంట వరుసకు ఏది సరిపోతుందో మాట్లాడి తేల్చుకోవలసిందే.

అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. విత్తనం ఒకసారి తీసుకుంటే మళ్లీ మళ్లీ కొనాలా? చోడి తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి సొంత పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు. అందుకు చేను మధ్యలోంచి, ఆరోగ్యంగా ఉన్న, రకం లక్షణాలు సరిగ్గా ఉన్న వెన్నులనే ఎంచుకోవాలి. అగ్గితెగులు సోకిన వెన్నును విత్తనానికి ఎప్పుడూ తీసుకోకూడదు, ఆ శిలీంధ్రం గింజ ద్వారా కూడా వస్తుంది. రెండు మూడేళ్లకొకసారి నమ్మకమైన చోట నుంచి కొత్త విత్తనం తెచ్చుకుంటే మేలు. సంచికి బంగారు పసుపు చీటీ ఉంటే ప్రజనన విత్తనం, తెల్లచీటీ ఉంటే మూలవిత్తనం, నీలిచీటీ ఉంటే ధ్రువీకరించిన విత్తనం. రైతుకు మామూలుగా కావలసింది నీలిచీటీ సంచి. ఊళ్లోని రైతు సేవా కేంద్రంలోనో జిల్లా ఏరువాక కేంద్రంలోనో ముందుగా అడిగి పెట్టుకోవాలి, తొలకరి పడ్డాక అడిగితే ఆలస్యమవుతుంది.

రైతులకు మడులు చూపించే రోజున మాటలు చెప్పేది ఇన్నాళ్లూ మా వంటివాళ్లమే. ఈ మధ్య ఒక మార్పు మొదలైంది. విత్తనానికి వెన్ను ఎలా ఎంచాలో, కేళీని ఎలా గుర్తుపట్టాలో చూపించే పనిని అప్పకూ ఆమె గుంపుకూ అప్పగిస్తున్నాం. మైకు పట్టుకోవడానికి ఆమె ఒప్పుకోలేదు. మడిలోకి దిగి, రైతులను చుట్టూ నిలబెట్టుకుని, ఒక చేత్తో మంచి వెన్నును, రెండో చేత్తో కేళీని పట్టుకుని, రెండింటినీ వాళ్ల చేతులకే ఇచ్చి తేడా చెప్పమంటుంది. సరిగ్గా చెప్పినవాళ్లను మెచ్చుకుంటుంది, చెప్పనివాళ్లను మరో వరుసలోకి తీసుకెళ్లి మళ్లీ చూపిస్తుంది. కొండ నుంచి వచ్చిన ఆడవాళ్లు మాతో మాట్లాడేదానికంటే ఆమెతో ఎక్కువ మాట్లాడతారు, తమ ఇళ్లలో దాచుకున్న పాత రకాల పేర్లు చెబుతారు. వాటిని నేను పక్కన నిలబడి రాసుకుంటాను. వచ్చే పంటకాలానికి ఆ పాత రకాల్లో కొన్నింటి గింజలు తెచ్చిస్తామని వాళ్లలో కొందరు మాట ఇచ్చారు. అవి వస్తే మిగిలినవాటితోపాటు వాటిని కూడా చిన్న వరుసలుగా నాటి, ఎన్ని రోజులకు పూస్తాయో, తెగులును ఎంత తట్టుకుంటాయో చూసి, గింజలను అప్ప గుంపు చేతనే నలిపించి ఇనుము పరీక్షకు పంపాలని ప్రతిపాదన రాసి ఇచ్చాను.